చేసిన పాపం చెబితే పోతుందా?

(కాపెల్, టెక్సస్‌లో కమ్యూనిటీ రేడియో తెలుగు కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



"ఈసారి కంప్యూటర్ల గురించి వద్దు బాబూ, ఇంటిల్లిపాదీ కూర్చుని వినేది ఏదైనా చెప్పు" అని ఈ కార్యక్రమం నిర్వహించే అక్కయ్య ముందే హెచ్చరించారు. అందుకని ఇంటిల్లిపాదికీ సంబంధం ఉన్న విషయమే ఎంచుకున్నాను. పెద్దవాళ్ళం అయ్యాక మన తప్పుకి మనం బాధ్యత తీసుకోవడం ఎలా అన్నది ఈ రోజు విషయం. పిల్లలకి మనం రోజూ చెప్పే పాఠమే ఇది. మనకి చెప్పేవాళ్ళు మాత్రం ఎవరూ ఉండరు. అమ్మానాన్నలు అక్కడ విజయవాడలోనో వరంగల్లులోనో ఉంటారు, మేనేజరు రేటింగ్ ఇచ్చి ఊరుకుంటాడు, స్నేహితులు మొహమాటపడతారు.

"చేసిన పాపం చెబితే పోతుంది" అనే మాట వినని తెలుగువాళ్ళు ఉండరు. మంచి మాటే. కానీ అందులో సగమే ఉందని నాకు అనిపిస్తుంది. ఊరికే చెబితే పోదండీ. ఎలా చెప్పాం, ఎవరికి చెప్పాం, ఎప్పుడు చెప్పాం, చెప్పాక ఏం మోశాం, ఈ నాలుగింటి మీద ఆధారపడి ఉంటుంది అది పోతుందా పోదా అన్నది. ఈ నాలుగూ ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదట, ఎలా చెప్పాం అన్నది. మన ఇళ్ళలో నడక నేర్చుకుంటున్న పిల్లవాడు తూలి కింద పడితే అమ్మమ్మ ఏం చేస్తుంది? పరుగున వచ్చి ఎత్తుకుని, నేలని రెండు దెబ్బలు కొట్టి, "మా బుజ్జిగాణ్ణి కొట్టిందా ఈ నేల! కొట్టేశాలే!" అంటుంది. పిల్లవాడు ఏడుపు ఆపేస్తాడు. ప్రేమతో చేసేదే, ఏడాది పిల్లవాడికి దానివల్ల నష్టమూ లేదు. కాకపోతే ముప్ఫై ఐదేళ్ళ వయసులో కూడా మనం ఇంకా ఆ నేలని కొడుతూనే ఉంటాం. కొత్త ఉద్యోగం కుదరకపోతే మార్కెట్టు బాగోలేదు. పెట్టిన డబ్బు పోతే సలహా ఇచ్చినవాడిది తప్పు. పిల్లవాడి మీద అరిస్తే ఆఫీసులో ఒత్తిడి. "ఆడలేక మద్దెల ఓడు" అని మనవాళ్ళు ఎప్పుడో చెప్పిపెట్టారు. ఆ మద్దెల ఇప్పుడు మనతోపాటు డల్లాస్ దాకా వచ్చింది.

మన భాష కూడా మనకి కాస్త సాయం చేస్తుంది. గమనించారా? "గ్లాసు పగలగొట్టాను" అనం, "గ్లాసు పగిలిపోయింది" అంటాం. పాలు పొంగిపోయాయి. టైమ్ అయిపోయింది. డబ్బులు ఖర్చయిపోయాయి. అనరాని మాట అన్నది మనమే అయినా "నోరు జారింది" అంటాం, ఆ నోరేదో మనది కానట్టు. వాక్యంలోంచి "నేను" మెల్లగా జారుకుంటుంది. తెలుగులో ఇది ఎంత సహజమంటే, చెప్పేవాడికీ వినేవాడికీ ఏదో దాచినట్టే అనిపించదు.

ఇది మన ఒక్కరి జబ్బే అనుకోకండి. 1987 జనవరిలో అమెరికా అధ్యక్షుడు రేగన్ ఇరాన్‌కి ఆయుధాలు అమ్మిన వ్యవహారం గురించి కాంగ్రెస్ ముందు మాట్లాడుతూ, తీవ్రమైన తప్పులు జరిగాయి అనే అర్థం వచ్చేలా చెప్పారు. ఆ వాక్యంలో ఎవరు చేశారో లేదు. అదే సంవత్సరం మార్చి 4న టీవీలో దేశ ప్రజలతో మాట్లాడినప్పుడు, తాను చేసినవాటికీ తన ప్రభుత్వం చేసినవాటికీ పూర్తి బాధ్యత తనదేనన్నారు. మధ్యలో గడిచింది ఐదారు వారాలే. మనిషి అదే, విషయం అదే. మారింది వాక్యంలో కర్త. ఆ చిన్న మార్పుకి ఎంత బరువుందో ఎప్పుడైనా ఇంట్లో ప్రయత్నించి చూడండి. "నిన్న కాస్త గొడవ అయింది" అనడానికీ, "నిన్న నీ మీద అరిచాను" అనడానికీ గొంతులో ఎంత తేడా ఉంటుందో మీకే తెలుస్తుంది.

రెండోది, ఎవరికి చెప్పాం. మనలో చాలామంది తప్పు చేశాక చెప్పేది దేవుడికి, లేదా ప్రాణస్నేహితుడికి. దేవుడు ఏమీ అనడు, స్నేహితుడు "పోనీలేరా, ఎవరు చెయ్యరు" అంటాడు. మనసు తేలికపడుతుంది. నష్టపోయిన మనిషికి మాత్రం కబురు చేరదు.

రామాయణంలో దశరథుడి కథ మనందరికీ తెలుసు. శ్రవణకుమారుడి కథగా చిన్నప్పుడు విన్నాం. యువరాజుగా ఉన్న రోజుల్లో రాత్రివేళ వేటకి వెళ్ళి, కుండలో నీళ్ళు నిండుతున్న చప్పుడు విని ఏనుగు అనుకుని బాణం వేశాడు. ఒక మునికుమారుడు చనిపోయాడు. అక్కడ ఇంకెవరూ లేరు, చూసినవాళ్ళు లేరు. ఆ కుర్రవాడి తల్లిదండ్రులకి చూపు లేదు. తప్పించుకోవాలంటే అంతకన్నా సులువైన పరిస్థితి ఉండదు. కానీ దశరథుడు ఆ కుండలో నీళ్ళు తీసుకుని తనే ఆ వృద్ధుల దగ్గరికి నడిచి వెళ్ళి, మీ కొడుకుని నేనే చంపాను అని చెప్పాడు. శాపం తగిలింది, నిజమే. కానీ వాల్మీకి రామాయణంలో ఆ ముని ఇంకో మాట కూడా అంటాడు. నువ్వే వచ్చి చెప్పకపోయి ఉంటే నీ తల ముక్కలయ్యేది అని. అంటే చెప్పినంత మాత్రాన శిక్ష పూర్తిగా పోలేదు, కొంత తగ్గింది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ఇప్పుడు చెప్పబోయే మూడో విషయానికి పనికొస్తుంది.

అది, ఎప్పుడు చెప్పాం అన్నది. నా దృష్టిలో నాలుగింటిలోనూ ముఖ్యమైనది ఇదే.

మా సాఫ్ట్‌వేర్ పనిలో ఇది రోజూ కనబడుతుంది. ఒక ప్రాజెక్టులో ఉండగా అర్ధరాత్రి ప్రొడక్షన్ సిస్టమ్ ఆగిపోయింది. కాన్ఫరెన్స్ కాల్‌లో ఇరవైమంది. ఇక్కడివాళ్ళు కొందరు, హైదరాబాద్ టీమ్ కొందరు. అంతా మౌనం. అప్పుడు ఒక కుర్రవాడు, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, "ఆ స్క్రిప్టు నేనే రన్ చేశాను సార్, టెస్ట్ అనుకుని ప్రొడక్షన్‌లో చేశాను" అన్నాడు. గంటలోపే అంతా సర్దుకుంది. ఎక్కడ వెతకాలో తెలిసింది కాబట్టి. ఇలాంటిదే ఇంకోచోట ఎవరూ నోరు విప్పక తెల్లవార్లూ లాగులు వెతుక్కుంటూ కూర్చున్న రాత్రి కూడా నాకు తెలుసు. తప్పు రెండుచోట్లా దాదాపు ఒకటే. తేడా అంతా చెప్పిన సమయంలో ఉంది. దాచిన తప్పు ఉన్నచోట ఉండదండీ, వడ్డీ కడుతున్న అప్పులా పెరుగుతుంది.

ఎంత పెరుగుతుందో చూపించే ఉదాహరణ మన తెలుగు ఐటీవాళ్ళ కళ్ళముందే ఉంది. 2009 జనవరి 7. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు గారు కంపెనీ బోర్డుకి ఉత్తరం రాశారు. డల్లాస్ ప్రాంతంలో ఉన్న మనవాళ్ళలో ఆ కంపెనీలో పనిచేసినవాళ్ళో, ఆ కంపెనీ ద్వారా ఇక్కడికి వచ్చినవాళ్ళో, కనీసం వాళ్ళ చుట్టాలో కానివాళ్ళు తక్కువ. ఆ ఉత్తరంలో లెక్కలు ఉన్నాయి. 2008 సెప్టెంబరు 30 నాటి పుస్తకాల్లో 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలు చూపిస్తే, అందులో 5,040 కోట్లు లేనే లేవు. ఆ మూడు నెలల లాభం 24 శాతం అని చూపించారు, నిజానికి వచ్చింది 3 శాతం.

అది ఎలా మొదలైందో కూడా ఆ ఉత్తరంలోనే రాశారు. మొదట అసలు లాభానికీ పుస్తకాల్లో చూపిన లాభానికీ మధ్య చిన్న తేడా. ఏటికేడు కంపెనీ పెరిగినకొద్దీ ఆ తేడా కూడా పెరిగి, ఇక పూడ్చలేనంత అయింది. పులి మీద స్వారీ చేస్తున్నాను, అది తినెయ్యకుండా ఎలా దిగాలో తెలియలేదు అనే అర్థంలో ఆయన వాడిన పోలిక అప్పట్లో అన్ని పత్రికల్లోనూ వచ్చింది. 2008 డిసెంబరులో మేటాస్ కంపెనీలను కొనాలని చేసిన ప్రయత్నం, లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులను చూపించడానికి చేసిన చివరి ప్రయత్నమేనని కూడా ఒప్పుకున్నారు. వాటాదారులు గొడవ చెయ్యడంతో ఆ కొనుగోలు కొన్ని గంటల్లోనే ఆగిపోయింది. మూడు వారాల తరవాత వచ్చింది ఉత్తరం.

ఇక్కడ మనం కాస్త ఆగి ఆలోచించాలి. ఆ ఉత్తరంలో "నేను" అనే కర్త ఉంది. చెప్పవలసినవాళ్ళకే, అంటే బోర్డుకీ, స్టాక్ ఎక్స్ఛేంజీలకీ, సెబీకీ చెప్పారు. చట్టం విధించే ఫలితానికి సిద్ధం అన్నారు. మనం ఇందాక అనుకున్న మొదటి రెండు ప్రశ్నలకీ జవాబు ఉంది. లేనిదల్లా సమయం. దారులన్నీ మూసుకుపోయాక చెప్పారు. ఆ ఒక్క రోజే కంపెనీ షేరు ధర 70 శాతానికి పైగా పడిపోయింది. 50,000 మందికి పైగా ఉద్యోగులు రేపు జీతం వస్తుందో రాదో తెలియని పరిస్థితిలో పడ్డారు. వీసా మీద ఇక్కడున్నవాళ్ళ సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. ప్రభుత్వం కొత్త బోర్డును నియమించడం, 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని తీసుకోవడం వల్ల చాలామంది ఉద్యోగాలు నిలబడ్డాయి. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్‌లో ప్రత్యేక న్యాయస్థానం రామలింగరాజు గారితో సహా పదిమందిని దోషులుగా తేల్చి ఏడేళ్ళ జైలు శిక్ష వేసింది. అప్పీలు మీద ఆ మే నెలలోనే శిక్ష అమలు నిలిపి బెయిల్ ఇచ్చారు.

ఆ చిన్న తేడా వచ్చిన మొదటి మూడు నెలల్లోనే, "ఈసారి లాభం తగ్గింది" అని ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఏమయ్యేది? షేరు ఓ పది రూపాయలు పడేదేమో. పత్రికలు నాలుగు రోజులు రాసి మరిచిపోయేవి. తప్పు ఒప్పుకోవడానికి అయ్యే ఖర్చు మొదటి రోజున అన్నిటికన్నా తక్కువ. మనం మాత్రం ఆ ఖర్చు రేపటికి తగ్గుతుందేమో అని ఎదురుచూస్తాం.

"అంత పెద్ద కథలు మనకెందుకండీ" అంటారేమో. సరే, మన ఇళ్ళలోకే వద్దాం. మనలో చాలామందికి ఇండియాలో బ్యాంకు ఖాతాలు ఉంటాయి. ఎన్నారై ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, నాన్నగారితో కలిసి ఉన్న జాయింటు ఖాతా. ఇక్కడ పన్ను చెల్లించే నివాసులకి, బయటి దేశాల్లో ఉన్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే, ఎఫ్‌బార్ అనే రిపోర్టు ప్రతి ఏటా ఇవ్వాలి. అలాగే ఎన్నారై ఖాతాల్లో ఎన్ఆర్ఈ డిపాజిట్ మీద వడ్డీకి ఇండియాలో పన్ను లేకపోయినా అమెరికాలో పన్ను ఉంది. ఈ రెండూ తెలియక ఏళ్ళ తరబడి చూపించని కుటుంబాలు మనలో ఉన్నాయి. తెలియకపోవడం నేరం కాదు. తెలిసిన రోజు నించి కథ మారుతుంది.

తెలిసిన రోజున మనవాళ్ళు చేసే పని ఏమిటంటే, "ఇన్నేళ్ళూ అడగలేదు, ఇప్పుడు చెబితే లేనిపోని తలనొప్పి" అని ఊరుకోవడం. కానీ అడగకముందే వచ్చి చెప్పేవాళ్ళ కోసం ఐఆర్ఎస్ విడిగా ఒక దారి పెట్టింది. దాని పేరు స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతి. 2012లో మొదలై 2014లో ఇక్కడ నివసించేవాళ్ళకి కూడా వర్తించేలా విస్తరించింది. గడిచిన మూడేళ్ళ టాక్సు రిటర్నులు సరిచేసి, ఆరేళ్ళ ఎఫ్‌బార్‌లు దాఖలు చేసి, కావాలని చేసింది కాదని మన మాటల్లో జరిగింది జరిగినట్టు రాసి సంతకం చెయ్యాలి. ఇక్కడ నివసించేవాళ్ళకి జరిమానా ఆ ఆస్తుల గరిష్ఠ విలువలో 5 శాతం. వడ్డీ ఆదాయమంతా ముందే చూపించి పన్ను కట్టి, ఎఫ్‌బార్ ఒక్కటే మరిచిపోయినవాళ్ళకి జరిమానా లేని మరో దారి ఉంది. అదే కావాలని దాచారని తేలితే, ఖాతాలో ఉన్నదానిలో సగం వరకూ జరిమానా పడవచ్చు. ముఖ్యమైన నియమం ఒకటుంది. మీ మీద ఐఆర్ఎస్ పరిశీలన మొదలయ్యాక ఈ స్ట్రీమ్‌లైన్డ్ తలుపు మూసుకుపోతుంది. ఇండియా, అమెరికాల మధ్య 2015లో కుదిరిన ఒప్పందం ప్రకారం అక్కడి బ్యాంకులు ఇక్కడి పన్నుదారుల ఖాతాల వివరాలు పంపుతున్నాయి కూడా. నేను సీపీఏని కాను, మీ సంగతి మీ సీపీఏతో మాట్లాడుకోండి. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. దశరథుడితో ఆ ముని అన్న మాటా, ఐఆర్ఎస్ పెట్టిన నియమమూ ఒకే చోట కలుస్తున్నాయి. తనంతట తాను వచ్చి చెప్పినవాడికి ఒక లెక్క, పట్టుబడ్డాక చెప్పినవాడికి ఇంకో లెక్క.

ఇక నాలుగోది, చెప్పాక ఏం మోశాం. దీనికి ఉదాహరణ కాపెల్‌లో ఏ పార్కింగ్ లాట్‌లోనైనా దొరుకుతుంది. డెంటన్ టాప్ రోడ్డు మీద కిరాణా కొట్టు ముందు కారు వెనక్కి తీస్తుంటే పక్క కారుకి గీత పడిందనుకోండి. చుట్టూ ఎవరూ లేరు. టెక్సస్ చట్టం ఏం చెబుతుందంటే, అక్కడే ఆగాలి. ఆ కారు యజమానిని వెతికి పేరు, చిరునామా ఇవ్వాలి. దొరక్కపోతే కనబడేచోట చీటీ పెట్టాలి. ఆ చీటీలో పేరు, చిరునామాతోపాటు ఏం జరిగిందో కూడా రాయాలి. అలా చెయ్యకుండా వెళ్ళిపోతే, నష్టం 200 డాలర్ల లోపు అయితే క్లాస్ సి నేరం. అంతకన్నా ఎక్కువైతే క్లాస్ బి, దానికి జైలు శిక్ష కూడా ఉంది. ఈ రోజుల్లో బంపరు మీద గీతకే 200 దాటుతుందని మీకు తెలుసు. గ్రీన్ కార్డు దరఖాస్తులో అలాంటి కేసుల గురించి అడుగుతారని కూడా తెలుసు.

చీటీ మీద "సారీ" అని మాత్రమే రాసి పోతే కుదరదు. ఫోను చేస్తే ఎత్తేలా ఉండాలి, బాగుచేయించే ఖర్చు మన ఇన్సూరెన్సో మన జేబో భరించాలి. బాధ్యత అంటే అదే. ఇందులో మనకి ఒక భయం ఉంటుంది, సారీ అంటే కోర్టులో మన మీదకే వస్తుందని. ఆ విషయంలో టెక్సస్ చట్టం 1999 నించి ఒక తేడా చూపిస్తోంది. ప్రమాదంలో దెబ్బతిన్న మనిషితో "అయ్యో, మీకిలా అయినందుకు చాలా బాధగా ఉంది" అని సానుభూతి చెప్పిన మాటని నష్టపరిహారం దావాలో తప్పుకి సాక్ష్యంగా వాడుకోవడానికి వీల్లేదు. "నేను ఫోను చూస్తూ నడిపాను" అన్న మాటని మాత్రం వాడుకోవచ్చు. కాబట్టి పోలీసు వచ్చేవరకూ, ఇన్సూరెన్సుతో మాట్లాడేవరకూ ఎవరిది తప్పో తేల్చే మాటలు జాగ్రత్తగా మాట్లాడమంటారు, అది సబబే. కానీ ఎదుటి మనిషి చెయ్యి పట్టుకుని "దెబ్బ తగిలిందా?" అని అడగడానికి ఏ చట్టమూ అడ్డు రాదు.

ఇప్పటిదాకా చెప్పింది మన చేతులతో మనం చేసిన తప్పు సంగతి. ఇంకొక రకం ఉంది. తప్పు మనం చెయ్యకపోయినా బాధ్యత మనదయ్యే సందర్భం. ఇంటికి పెద్దగానో, టీమ్‌కి లీడ్‌గానో ఉన్నవాళ్ళకి ఇది తప్పదు.

1956లో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయి వందమందికి పైగా చనిపోయారు. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి గారు రాజీనామా ఇస్తే ప్రధాని నెహ్రూ గారు ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబరులో తమిళనాట అరియలూరు దగ్గర ఇంకో రైలు ప్రమాదం. మళ్ళీ రాజీనామా ఇచ్చారు. ఈసారి నెహ్రూ గారు అంగీకరించారు. ప్రమాదానికి శాస్త్రి గారు కారణమని కాదు, ఒక మంచి సంప్రదాయం నిలబడాలని అంగీకరిస్తున్నానని పార్లమెంటులో చెప్పారు. మా నాన్నగారి తరం ఈ కథ చెప్పుకుంటూనే పెరిగింది.

రెండో కథ మన శ్రీహరికోటది. 1979 ఆగస్టు 10న అక్కడినించి ఎగిరిన మొదటి ఎస్ఎల్‌వి-3 రాకెట్ కొద్ది నిమిషాల్లోనే బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం గారు. ప్రయోగానికి ముందు కంప్యూటరు ఆగమని చూపించినా, నిపుణుల మాట మీద ముందుకు వెళ్ళాలని తీసుకున్న నిర్ణయం తనదేనని కలాం గారే తరవాత చాలా సభల్లో చెప్పారు. కానీ ఆ రోజు విలేఖరుల ముందు కూర్చుని వైఫల్యాన్ని తన మీద వేసుకున్నది ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ గారు. 1980 జూలై 18న అదే రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు మాత్రం, వెళ్ళి విలేఖరులతో మాట్లాడమని కలాం గారిని పంపించారు. శ్రీహరికోట కేంద్రానికి 2002లో ధావన్ గారి పేరే పెట్టారు.

ఈ కథలో ఇంకో కోణం ఉంది. ధావన్ గారు బయటి ప్రపంచం ముందు అడ్డు నిలబడ్డారు కాబట్టి లోపల కూర్చున్న ఇంజనీర్లు ఏ భాగం ఎందుకు పాడైందో నిర్భయంగా చెప్పుకోగలిగారు. ఇందాక కాన్ఫరెన్స్ కాల్‌లో "నేనే" అన్న కుర్రవాడికి కూడా ఆ ధైర్యం ఊరికే రాలేదు. అంతకు ముందు ఇంకొకరు నిజం చెప్పినప్పుడు ఆ మేనేజరు కేకలు వెయ్యకపోవడం అతను చూశాడు. ఇంట్లోనూ అంతే. మార్కులు తగ్గాయని చెప్పిన రోజు ఇల్లు దద్దరిల్లితే, మరుసటి సెమిస్టరు నించి పాప మార్కులు చెప్పదు. పిల్లలు అబద్ధం ఆడుతున్నారని బాధపడేముందు, నిజం చెబితే ఇంట్లో దాని ధర ఎంత పెట్టామో ఒకసారి చూసుకోవాలి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. బాధ్యత తీసుకోవడం అంటే ప్రపంచంలో తప్పులన్నీ నెత్తిన వేసుకోవడం కాదు. "అంతా నాదే తప్పు, నా ఖర్మ" అని కూర్చునేవాళ్ళున్నారు, ముఖ్యంగా మన ఆడవాళ్ళలో. పెనిమిటి చేసిన అప్పుకి, కొడుకు చెడు సావాసానికి, ఆఖరికి కూర మాడడానికి కూడా వాళ్ళే దోషులు. అది బాధ్యత కాదు, ఇంటిల్లిపాదీ కలిసి ఒక మనిషి మీద వేసిన బరువు. "తిలా పాపం తలా పిడికెడు" అన్నారు. ఎవరి పిడికెడు వాళ్ళు తీసుకోవాలి. నాది ఎంతో అంతే చెప్పాలి, తగ్గించీ కాదు, పెంచీ కాదు. పెంచి చెబితే ఎదుటివాళ్ళు మనని ఓదార్చడంలో పడతారు, అసలు నష్టం పక్కకి పోతుంది.

చివరిగా మన మగవాళ్ళ గురించి ఒక మాట, అక్కయ్య నవ్వుతున్నారు. మన తెలుగు మగవాడికి భార్య దగ్గర తప్పు ఒప్పుకోవడానికి ఒకే మార్గం తెలుసు. సాయంత్రం వంటింట్లోకి వచ్చి "కాఫీ తాగుతావా?" అని అడగడం. ఆవిడకి అర్థమవుతుంది, ఆవిడ సర్దుకుంటుంది. కానీ పక్కగదిలో హోంవర్క్ చేసుకుంటున్న పిల్లలకి అది అర్థం కాదండీ. వాళ్ళకి ఉదయం అరుపులు వినపడ్డాయి, సాయంత్రం కాఫీ వాసన వచ్చింది. నాన్న ఒప్పుకున్నాడన్న సంగతి వాళ్ళదాకా రాలేదు. గొడవ వాళ్ళ ముందు పడితే, ఒప్పుకోవడం కూడా వాళ్ళ ముందే జరగాలి. పిల్లల మీద అకారణంగా కోప్పడితే పిల్లలకే చెప్పాలి. "ఎంత పెద్దవాళ్ళమైనా పిల్లల దగ్గర తగ్గితే లోకువ అయిపోమా?" అని అడిగే పెద్దలున్నారు. అయోధ్యని ఏలబోయేవాడు అడవిలో ఇద్దరు చూపులేని ముసలివాళ్ళ ముందు నిలబడ్డాడు. దానివల్ల ఆయన లోకువ అయ్యాడని ఎవరూ అనలేదు.

అందుకని ఈ వారాంతం ఒక చిన్న పని చేసి చూడండి. చాలాకాలంగా చెప్పాలనుకుంటూ వాయిదా వేస్తున్న విషయం ఏదైనా ఉంటే, అది ఇండియాలో అన్నయ్యకి చెయ్యని ఫోను కావచ్చు, సీపీఏకి చెప్పని ఖాతా కావచ్చు, అమ్మాయితో అన్న మాట కావచ్చు, "నేను" తో మొదలయ్యే ఒక వాక్యం కాగితం మీద రాసుకోండి. కింద, దాన్ని సరిచెయ్యడానికి ఏం చేస్తారో ఇంకో వాక్యం రాయండి. తరవాత ఫోను తీసుకుని ఆ రెండు వాక్యాలూ చదవండి. మూడో వాక్యం "కానీ" తో మొదలయ్యేలా ఉంటే మాత్రం దాన్ని లోపలే దాచుకోండి.

 మీ అనుభవాలు, మీ అభ్యంతరాలు అక్కయ్యకి తెలియజెయ్యండి. వచ్చే కార్యక్రమంలో వాటి గురించి మాట్లాడుకుందాం. సెలవు.